అరవై అడుగులకి మూడంగుళాలు

ఆ వాక్యాన్ని నా చేతులతో నేనే టైపు చేశాను. అందుకే నా కోపం ఇంకా చల్లారలేదు.

"కింది అంతస్తు హాలులో నేల సమతలంగా లేదు. ఆ రోజుల్లో పనిచేసిన వలస కూలీలకు తగిన నైపుణ్యం లేకపోవడమే ఇందుకు కారణం."

సర్కారు భవనాల మంచిచెడ్డలు చూసే ఆఫీసులో నేను టైపిస్టుని. ఏడాదికోసారి పొడిగింపు కాగితం వస్తే ఉంటాను, రాకపోతే లేను. ఇంజనీర్లు కోడిగెలుకుడు రాతలో రాసిచ్చిన రిపోర్టుల్ని శుభ్రంగా కొట్టి, పెద్దసారు సంతకానికి పెట్టడం నా పని. రోజుకి పాతిక ముప్పై పేజీలు కొడతాను. ఎవరూ వాటిని పూర్తిగా చదవరు. రాసిన చిన్నింజనీరు తన అంకెలు మాత్రం సరిచూసుకుంటాడు. పెద్దసారు అవి కూడా చూసుకోరు. చివరి పేజీ తెరిచి పెన్ను అందిస్తే చాలు.

నేను కూడా చదవను. నా వేళ్ళు చదువుకుంటాయి. ఆ రోజు ఆ వేళ్ళే "నైపుణ్యం లేకపోవడమే" దగ్గరికొచ్చి ఆగిపోయాయి. ఇది ఏ భవనమా అని మొదటి పేజీకి వెళ్ళి చూశాను. పెద్దాసుపత్రి. కింది అంతస్తు. రోగులు కూర్చునే హాలు.

ఆ హాలులో బండలు పరిచింది మా తాతయ్య.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. రిపోర్టులో ఇంకా ఉంది. ఆ నేలంతా వచ్చే నెలలో పగలగొట్టి, మెరిసే టైల్సు వెయ్యాలట. పై అంతస్తు నేల మాత్రం "అన్ని ప్రమాణాలకూ తగినట్టు" ఉందట. అంటే మా తాతయ్య నాలుగు నెలలు మోకాళ్ళ మీద పాకి పరిచిన నేల పోతుంది, ఆయనకి పని రాదన్న మాట మాత్రం రికార్డు గదిలో కలకాలం ఉంటుంది. చచ్చి ఆరేళ్ళయిన మనిషి లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు కదా!

తాతయ్య అంటే మా అమ్మ నాన్న. ఇరవై రెండేళ్ళ వయసులో అమ్మమ్మని వెంటబెట్టుకుని సరిహద్దు దాటి ఈ దేశం వచ్చాడు. తెచ్చుకున్న సరంజామా ఒక తాపీ, ఒక కర్రసుత్తి, పాతిక గజాల రబ్బరు గొట్టం. ఆ గొట్టానికి రెండు కొసలా జానెడు గాజు గొట్టాలు బిగించి ఉండేవి. గొట్టం నిండా నీళ్ళు పోసి, ఒక కొస ఒకరు, ఇంకో కొస ఇంకొకరు పట్టుకుని గది ఈ చివరా ఆ చివరా నిలబడితే, రెండు గాజుల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్కడ గోడమీద సుద్దతో గీత పెడతారు. అదే ఆయన మట్టం. గాజులో బుడగ కదిలే ఇత్తడి రసమట్టాలు కొనగలిగిన రోజుల్లో కూడా కొనలేదు. "ఆ బుడగని ఎవడో మనిషి బిగించాడు. నీళ్ళని ఎవడూ బిగించలేదు" అనేవాడు.

ఎప్పుడూ మెళ్ళో ఆ గొట్టం చుట్టుకుని తిరిగేవాడు కాబట్టి పనిలోవాళ్ళు గొట్టం మేస్త్రి అని పేరు పెట్టారు. వెక్కిరింపుగానే పెట్టారు. మనవాళ్ళ నోట ఆ మాటకి ఎంత మర్యాద ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన మాత్రం దాన్ని బిరుదులాగే మోశాడు.

ఆ గొట్టం ఒక కొస తాతయ్య చేతిలో ఉంటే రెండో కొస అమ్మమ్మ చేతిలో ఉండేది. పొద్దున తట్టలు మోసి, మధ్యాహ్నం గొట్టం పట్టుకునేది. సగం కాపురం అలా గదికి చెరో మూలా నిలబడే గడిచిపోయింది. "ఎత్తు, దించు, ఆగు. కొత్త పెళ్ళాంతో మీ తాత మాట్లాడిన మాటలివే. ముద్దూ మురిపెం అన్నీ వీటిల్లోనే సరిపెట్టుకోవాలి" అని అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

రేకులు వంచే షెడ్డు మీద ఒక గదీ, గుడ్డ అడ్డం కట్టిన వంటమూలా వాళ్ళ ఇల్లు. కింద సుత్తి దెబ్బలకి పైన గిన్నెలు గలగలలాడేవి. తాతయ్య ప్యాంట్లన్నిటికీ మోకాళ్ళ దగ్గర గోనె అతుకులు రెండు పొరలుగా ఉండేవి. ఆ అతుకుల కింద మోకాళ్ళు ఇంకో సంగతి. మనకి మడమలు ఎలా ఉంటాయో ఆయనకి మోకాళ్ళు అలా ఉండేవి. చిన్నప్పుడు గోరుతో గట్టిగా నొక్కి "నొప్పిగా ఉందా తాతయ్యా?" అని అడిగేదాన్ని. "ఎక్కడ నొక్కుతున్నావే?" అనేవాడు. వేళాకోళం అనుకునేదాన్ని. కాదని పెద్దయ్యాక తెలిసింది.

ఆయనకి ఒక దుర్గుణం ఉండేది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు అడిగి, సగం తాగి, మిగతా సగం ఎవరూ చూడకుండా ఒక మూల ఒలకబోసేవాడు. అవి ఎటు పోతున్నాయో చూసి తల పంకించేవాడు. మా పిన్ని కొత్తింటికి వెళ్ళినప్పుడు కూడా అదే పని చేశాడు. ఆ నీళ్ళు తిన్నగా పిన్ని అత్తగారి మంచం కిందికి వెళ్ళి చాపని తడిపాయి. "తాగమని ఇస్తే ఇల్లు కడుగుతాడేమిటమ్మా మీ నాన్న!" అని ఆవిడ గొల్లుమంది. తాతయ్య తలొంచుకుని, "నేలది తప్పు, నాది కాదు" అన్నాడు. వియ్యపురాలితో ఆయన మాట్లాడిన మొదటి మాటా అదే, చివరి మాటా అదే.

ఇంత తెగువ మనవాళ్ళ దగ్గరే. యజమానుల ముందు మాత్రం ఆయన నోట ఒకటే మాట: "సరే సార్." అది పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పారు. వచ్చిన రెండో ఏడు ఒక పెద్ద ఇంటి పనిలో గోడ అంగుళం వాలిందని యజమాని ముఖం మీదే చెప్పాడట. వచ్చీ రాని మాటలో, చేతులు తిప్పుతూ చెప్పాడట. మధ్యాహ్నానికల్లా తాపీతో సహా వీధిలో ఉన్నాడు. ఆ వానాకాలంలోనే గోడ కూలింది. కూలాక ఆ యజమాని ఏమన్నాడో తెలుసా? "ఈ వచ్చినవాళ్ళ పని ఇంతే" అన్నాడు! చెప్పినందుకు వెళ్ళగొట్టారు, తాము వినక కూలిన దానికీ ఆయన్నే అన్నారు. అప్పటినుంచి మా తాతయ్య నోటికి ఒక పనీ, చేతికి ఒక పనీ విడివిడిగా అప్పగించాడు. నోరు సరే అంటుంది. చెయ్యి ఏది చెయ్యాలో అది చేస్తుంది.

"వచ్చినవాడు" అన్న మాట చూడండి. నలభై ఏడేళ్ళు ఇక్కడ బతికాడు, పిల్లల్ని కన్నాడు, ఇక్కడే పోయాడు. ఆఖరిదాకా వచ్చినవాడే. ఒక మనిషి రావడం పూర్తవడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకెవరైనా లెక్క చెబితే బాగుండు.

పెద్దాసుపత్రి కట్టింది నలభై ఏళ్ళ కిందట. కింది హాలు పొడవు అరవై అడుగులు. గీసిన పటంలో నేల ఈ గోడనుంచి ఆ గోడదాకా చదునుగా ఉంది. నీళ్ళు బయటికి పోయే తూము మాత్రం ఉత్తరం మూలలో ఒకటే ఉంది. తాతయ్యకి చదువు రాదు గాని పటం చదవడం వచ్చు. ఎన్నడూ లేనిది ఒక్కసారి నోరు తెరిచాడు. ఇది అమ్మమ్మ చెవులారా విన్నది.

"సార్, కడిగిన నీళ్ళు తూము దగ్గరికి ఎలా పోతాయి సార్?"

"తుడుస్తారు. నీకెందుకయ్యా అవన్నీ? గీసింది గీసినట్టు వెయ్యి."

"సరే సార్."

ఇంజనీరు వెళ్ళిపోయాక తాతయ్య అమ్మమ్మని దక్షిణం గోడ దగ్గర నిలబెట్టి, తను ఉత్తరం మూలకి వెళ్ళి, గొట్టం పట్టి మట్టం గీత పెట్టాడు. ఆ తర్వాత తన మూలలో గీతకి మూడంగుళాల కింద ఇంకో గీత పెట్టాడు. మొదటి గీత చెరిపేశాడు. అంతే.

అరవై అడుగులకి మూడంగుళాలు. నడిచే మనిషికి తెలియదు. స్ట్రెచర్ బండిని ఆపి వదిలితే కదలదు. నీళ్ళు మాత్రం ఆగవు. వరసకీ వరసకీ మధ్య రెండు మూడు గోళ్ళ మందం తేడా, ముప్పై వరసలు. ప్రతి బండనీ కర్రసుత్తితో కొట్టి, చెవి ఆనించి విని, కింద డొల్ల వినిపిస్తే లేపి మళ్ళీ వేశాడు. నాలుగు నెలలు. ఇంజనీరు బూట్లతో వచ్చి, ఇటునుంచి అటు నడిచి, బాగుందని వెళ్ళాడు. పని ఆలస్యమైందని చెప్పి పై అంతస్తు వేరే ముఠాకి ఇచ్చారు. వాళ్ళు గీసింది గీసినట్టే వేశారు.

ప్రారంభం రోజున పనివాళ్ళని లోపలికి రానివ్వలేదు. తాతయ్య, అమ్మమ్మ ఎదుటి కాలిబాట మీద నిలబడి చూశారట. గుమ్మం పక్కన నల్లరాతి పలక పెట్టారు. దానిమీద నాయకుడి పేరుంది, ఇంజనీరు పేరుంది, కాంట్రాక్టరు పేరుంది. బండలు పరిచినవాడి పేరు ఏ బండమీదా లేదు.

పదేళ్ళ కిందట, మోకాళ్ళు పూర్తిగా మొరాయించాక, ఆయన్ని అదే ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. హాలు కిటకిటలాడుతోంది. బెంచీల మీద చోటు లేదు. నిలబడలేక తాతయ్య గోడ వారగా నేలమీద కూలబడ్డాడు. కాపలావాడు కర్రతో బండని టకటకా కొడుతూ వచ్చాడు.

"ఏయ్ ముసలాయనా, నేలమీద కూర్చోకూడదు. లే! చూడు, మురికి చేస్తున్నావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ నేల ఎవరు వేశారో తెలుసా నీకు?" అని లేచాను. తాతయ్య నా మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. సిమెంటుతో గరుకెక్కిన ఆ పట్టు నాకింకా గుర్తుంది.

"సరే బాబూ," అన్నాడు కాపలావాడితో. గోడ పట్టుకుని లేచాడు. లేవడానికి ఎంతసేపు పట్టిందో ఆ కాపలావాడు నిలబడి చూశాడు గాని చెయ్యి ఇవ్వలేదు.

అప్పుడే హాలు కడగడానికి ఒక ఆయా బకెట్టుతో వచ్చింది. దక్షిణం గోడ దగ్గర నిలబడి, నీళ్ళు గుమ్మరించి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. బెంచీల మీద జనం అలవాటుగా కాళ్ళు పైకెత్తారు. నీళ్ళు కింది నుంచి జారుకుంటూ హాలంతా దాటి తూములోకి పోయాయి. తాతయ్య ముఖం వెలిగిపోయింది.

"కడగడం కష్టమా అమ్మా?" అని అడిగాడు ఆయాని.

"ఇక్కడ కష్టం లేదు తాతా. పోస్తే అవే పోతాయి. పైన అంతస్తులోనే నడుం విరుగుతుంది. ఎంత తోసినా నీళ్ళు పోవు, చెరువులా నిలబడతాయి."

తాతయ్య తల పంకించాడు. నేను చెప్పబోయాను. కళ్ళతోనే వద్దన్నాడు. బయటికొచ్చాక రిక్షా కోసం చూస్తూ, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నాడు. నాకు ఆ సామెతంటే అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. దేవుడెరిగితే సరిపోతుందా? మనుషులు ఎరగొద్దా?

ఇక రిపోర్టు సంగతి. కాగితాలు పట్టుకుని చిన్నింజనీరు దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మెత్తగా మాట్లాడతాడు. అదే ఇంకా చిరాకు.

"సార్, ఈ వాక్యం..."

"ఏం మేడమ్, అక్షరాలు అర్థం కాలేదా?"

"అర్థమయ్యాయి సార్. ఆ నేల వేసింది మా తాతయ్య."

ఒక్క క్షణం తడబడ్డాడు. "అయ్యో, అలాగా! మీరు పర్సనల్‌గా తీసుకోకండి. మీ తాతగారనే కాదు, అప్పట్లో వచ్చినవాళ్ళంతా అంతే కదా."

మంట ఆర్పుతున్నాననుకుని కిరసనాయిలు పోశాడు మహానుభావుడు. "అది తప్పు కాదు సార్, నీళ్ళు పోవడానికి పెట్టిన వాలు" అన్నాను.

"పటంలో వాలుందా?"

"లేదు."

"మరి?" పాత ఫైలు తీసి నా ముందు తెరిచాడు. "ఇదిగో, పటంలో ఉన్నట్టు సమతలంగా వేస్తానని ఒప్పుకుని వేలిముద్ర వేశారు. వెయ్యలేదు. మూడంగుళాల తేడా వచ్చింది. లేజర్ పెట్టి చూశాను మేడమ్, మిషను అబద్ధం చెప్పదు."

ఆ వేలిముద్ర చూశాను. అందరి ముద్రల్లో ఉన్నట్టు దాంట్లో గీతలు లేవు. నల్లటి చుక్క, అంతే. గీతల్ని సిమెంటు తినేసింది. వేలి గీతలు కూడా మిగల్చని పని చేయించుకుని, ఆ వేలితోనే ఆయన మీద సాక్ష్యం చెప్పిస్తున్నారు.

"రేపటికల్లా కొట్టి ఇచ్చెయ్యండి. ఎల్లుండి పెద్దసారు చూడ్డానికి వస్తున్నారు."

"సరే సార్," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. పొడిగింపు కాగితం గుర్తొచ్చిందో, మూడు తరాల అలవాటో తెలియదు. సీటులో కూర్చుని ఆ వాక్యం పూర్తి చేశాను. చివర చుక్క కూడా పెట్టాను.

ఇంటికెళ్ళి బ్యాగు గిరాటేసి అమ్మమ్మ మీద పడ్డాను. మా అమ్మ "ఎందుకొచ్చిన గొడవే, కుక్కిన పేనులా నీ ఉద్యోగం నువ్వు చేసుకో" అంటూనే ఉంది. నాకు వాళ్ళ మీదా వీళ్ళ మీదా కాదు, తాతయ్య మీదే కోపమొచ్చింది.

"ఒక్కసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది కదా అమ్మమ్మా! నీ పటం తప్పు, నేను వాలు పెడతాను అని. సరే సరే అని, ఇవాళ ఎంత మాట పడ్డాడో చూడు."

అమ్మమ్మకి డెబ్బై రెండేళ్ళు. పప్పు ఏరుకుంటోంది. చెయ్యి ఆపలేదు.

"చెబితే ఏమయ్యేది? మీ తాతని పంపేసి ఇంకోణ్ణి పెట్టేవాళ్ళు. వాడు చదునుగా వేసేవాడు. చెప్పలేదు కాబట్టే ఆ నేల అలా ఉంది. పేరు కావాలా, పని సరిగ్గా ఉండాలా అంటే ఆయన పని అన్నాడు. రెండూ ఇచ్చే యజమాని మాకు దొరకలేదే తల్లీ."

"ఇప్పుడు ఆ నేల కూడా పోతోంది. పగలగొట్టేస్తారు."

చేట పక్కన పెట్టేసింది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. నాలుగు నెలలు గొట్టం రెండో కొస పట్టుకుని నిలబడిన మనిషి. చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. ఆ తర్వాత, "నీళ్ళు పొయ్యి" అంది.

"ఏమిటీ?"

"మాటల్లో వాళ్ళని నువ్వు గెలవలేవు. మేమూ గెలవలేదు. వాళ్ళ కళ్ళముందు నీళ్ళు పొయ్యి. అది చూడ్డానికి చదువక్కర్లేదు."

అన్నట్టే మూడో రోజు పదకొండు గంటలకి పెద్దసారు వచ్చారు. వెనక చిన్నింజనీరు, ఆ వెనక ఫైళ్ళు మోస్తూ నేను. హాలులో ఒక వారగా రోగులు కూర్చుని ఉన్నారు. చిన్నింజనీరు పాత ఫైల్లో పటం తెరిచి చూపించి, మూడు కాళ్ళ పీట మీద మిషను పెట్టి, ఎదుటి గోడమీద ఎర్రగీత చూపిస్తూ వివరిస్తున్నాడు. పెద్దసారు వాచీ చూసుకుంటున్నారు. "సరే, పగలగొట్టించెయ్యండి" అని ఇంకొక్క నిమిషంలో అనేసేలా ఉన్నారు.

ఆయాకి పొద్దునే చెప్పి ఉంచాను. పదేళ్ళ కిందటి ఆ ఆయానే, జుట్టు నెరిసింది. దక్షిణం గోడ దగ్గర మూడు బకెట్లు నింపి పెట్టింది. "పొయ్యనా అమ్మా?" అంది. ఆవిడ ఉద్యోగమూ నా ఉద్యోగం లాంటిదే. "నువ్వు కాదు" అని చెప్పి, ఫైళ్ళు బెంచీ మీద పెట్టి, మొదటి బకెట్టు నేనే ఎత్తాను.

"ఏయ్, ఏయ్, ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు పెద్దసారు.

"మట్టం చూపిస్తున్నాను సార్."

మూడు బకెట్లూ గుమ్మరించాను. జనం కాళ్ళు పైకెత్తారు. నీళ్ళు ఒక్క క్షణం ఎటు వెళ్దామా అన్నట్టు పరుచుకుని, ఆ తర్వాత కదిలాయి. బెంచీల కిందనుంచి, చెప్పుల మధ్యనుంచి, ఆ మిషను మూడు కాళ్ళ పక్కనుంచి వెళ్ళాయి. ఎవరూ తోయలేదు. హాలంతా మెడలు తిప్పి వాటినే చూస్తోంది. తూము దగ్గర గుడగుడమని చప్పుడైంది. వెనక్కి తిరిగి చూస్తే నేలమీద తడి తప్ప చుక్క నీరు నిలిచి లేదు.

"ఇప్పుడు పై అంతస్తుకి రండి సార్. ప్రమాణాలకు తగినట్టు ఉంది కదా, అక్కడ కూడా పోస్తాను."

పెద్దసారు ఏ కళనున్నారో, వచ్చారు. పైన ఒక్క బకెట్టే పోశాను. ఆ నీళ్ళు నాలుగు పక్కలా పాకి, ఎక్కడికీ పోకుండా అక్కడే కూర్చున్నాయి. పెద్దసారు బూట్లు తడిశాయి. చిన్నింజనీరు గోడకి అతుక్కున్నాడు. "పోయిన నెల ఒకావిడ ఇక్కడే జారి చెయ్యి విరగ్గొట్టుకుంది సార్" అంది ఆయా, ఎవరూ అడక్కుండానే.

"చాలు చాలు, అర్థమైంది" అన్నారు పెద్దసారు కాలు దులుపుకుంటూ.

కిందికొచ్చాక కారెక్కే ముందు నన్ను పిలిచారు. "కింది నేల పగలగొట్టక్కర్లేదు. ఆ వాక్యం తీసెయ్యి."

నా కళ్ళు చెమర్చాయి. దణ్ణం పెట్టబోయాను. మంచిదే అయింది, పెట్టలేదు.

"దాని బదులు ఇలా కొట్టు: 'కింది అంతస్తు నేలలో నీరు పోవడానికి తగిన వాలు ఉంది. ఇది అప్పటి ఇంజనీర్ల ముందుచూపుకు నిదర్శనం.'"

నేను విన్నది నిజమేనా అనిపించింది. "సార్, ఇంజనీరు పటంలో వాలు లేదు. ఫైల్లో మీరే చూశారు. ఆ వాలు పెట్టింది మేస్త్రి, మా తాతయ్య."

"చూశాంలేవమ్మా. రిపోర్టుకి ఒక పద్ధతంటూ ఉంటుంది. ఇంజనీరు ఉండగా మేస్త్రికి ఆలోచన వచ్చిందని రాస్తామా? నవ్వుతారు."

తప్పనుకున్నంత సేపూ అది కూలీది. ఒప్పని తేలగానే ఇంజనీరుది! సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. నిందలోనైతే వలస వచ్చిన సంగతి గుర్తుంటుంది, మెచ్చుకోలులో మనిషే మాయమైపోతాడు. ఆయన తలుపు సగం వేసుకుని, "చెప్పినట్టు కొట్టు. సాయంత్రం సంతకం పెడతాను" అన్నారు.

"సరే సార్," అన్నాను.

ఈసారి ఆ మాట ఊడిపడలేదు. నేనే అన్నాను.

ఆఫీసుకెళ్ళి సీటులో కూర్చుని కొట్టాను: "కింది అంతస్తు హాలు నేలలో అరవై అడుగులకి మూడంగుళాల వాలు ఉంది. అప్పటి ఇంజనీరు గీసిన పటంలో ఈ వాలు లేదు. పటం జతచేయబడింది. వలస వచ్చిన బండల మేస్త్రి ఒకరు తన తెలివితో, తన భార్య సాయంతో ఈ వాలు పెట్టారు. పటం ప్రకారం వేసిన పై అంతస్తులో నీరు నిలిచి రోగులు జారిపడుతున్నారు." ఆ కింద తాతయ్య పేరు, అమ్మమ్మ పేరు, ఇంటిపేరుతో సహా పూర్తిగా కొట్టాను. సర్కారు కాగితం మీద ఆ రెండు పేర్లూ పక్కపక్కన పడటం అదే మొదటిసారి.

చిన్నింజనీరు వచ్చి అంకెలు చూసుకున్నాడు. అరవై, మూడు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. టిక్కు పెట్టి వెళ్ళాడు. సాయంత్రం పెద్దసారు ముందు చివరి పేజీ తెరిచి పెన్ను అందించాను. సంతకం పెట్టారు. గుండ్రటి ముద్ర నేనే వేశాను, గట్టిగా.

ఆ రిపోర్టు ఇప్పుడు రికార్డు గదిలో, గీతల్లేని వేలిముద్ర ఉన్న ఫైల్లోనే ఉంది. ఇది చదివి ఎవరైనా దాన్ని బయటికి తీసి చూస్తే నా ఉద్యోగం ఉండదని నాకు తెలుసు. తియ్యనివ్వండి. మొదటి పేజీ నుంచి చదవమని మాత్రం నా మాటగా చెప్పండి.